బానర్ మీద ఫోటో వేసేముందు



వార్షికోత్సవం బానర్ మీద ఎవరెవరి ఫోటోలు వేయాలని మన గ్రూపులో వారం రోజులుగా చర్చ నడుస్తోంది. జి.డి. నాయుడుగారి ఫోటోకి ఎవరూ అడ్డు చెప్పలేదు. నరైన్ కార్తికేయన్ పేరు వచ్చేసరికి మాత్రం పేచీ మొదలైంది. "మన కోయంబత్తూరు బిడ్డ, ఫార్ములా వన్‌లో పోటీ చేసిన మొదటి భారతీయుడు, వేయాల్సిందే" అని కొందరు. "ముందు మనవాళ్ళేనా కాదా కనుక్కోండి" అని కొందరు. ఇంకొకాయన అయితే "ఆరు కార్ల పోటీలో నాలుగో స్థానం, దానికింత ఆర్భాటమా?" అని ఒక్క ముక్కలో తేల్చేశారు.

ఆయన ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, ఏ వంశం అన్నది ఆయన ఇంటి సంగతి. రేషన్ కార్డు చూసి దండ వేసే అలవాటు మనకు ఎందుకు?

ఆరు కార్ల మాటకు వద్దాం, ఎందుకంటే అది అబద్ధం కాదు. 2005 జూన్ 19, అమెరికాలో ఇండియానాపొలిస్. అక్కడి వాలు మలుపులో మిష్లిన్ టైర్లు తట్టుకోవని తేలడంతో ఏడు టీముల పద్నాలుగు కార్లు ఒక చుట్టు తిరిగి పక్కకు తప్పుకున్నాయి. బ్రిడ్జ్‌స్టోన్ టైర్లున్న ఆరు కార్లే మిగిలాయి. షూమాకర్, బారికెల్లో, మాంటీరో, వాళ్ళ వెనక మన నరైన్. ఐదు పాయింట్లు. ఫార్ములా వన్‌లో ఆయనకు వచ్చిన పాయింట్లన్నీ అవే. ఆ ఐదింటినీ తీసేసి చూద్దామనే మేమూ అంటాం. తీసేశాక ఏం మిగులుతుందో చూడండి.

నాన్న జి.ఆర్. కార్తికేయన్ దక్షిణ భారత ర్యాలీని ఏడుసార్లు గెలిచినవాడు. కాబట్టి బండి నూనె వాసన ఇంట్లోనే ఉంది, కాదనం. కానీ ఇంట్లో కారు ఉన్న పిల్లలందరూ పదిహేనేళ్ళకే ఫ్రాన్సులోని రేసింగ్ బడికి వెళ్ళరు. నరైన్ 1992లో వెళ్ళాడు. 1994లో ఇంగ్లండులో ఫార్ములా ఫోర్డ్ శీతాకాలపు సిరీస్ గెలిచాడు. 1996లో ఫార్ములా ఆసియా చాంపియన్. తరువాత బ్రిటిష్ ఫార్ములా త్రీలో రెండు మూడేళ్ళు, అక్కడా గెలుపులున్నాయి. 2001లో జాగ్వార్ కారు నడిపి చూశాడు. 2005 మార్చిలో మెల్‌బోర్న్‌లో జోర్డాన్ కారుతో ఫార్ములా వన్‌లో అడుగు పెట్టేనాటికి వయసు 28. అంటే ఫ్రాన్సు బడి నుంచి ఆ సీటుకు పదమూడేళ్ళు పట్టింది.

ఆ సీటూ ఒక్క ఏడాదే. ఈ ఆటలో చేతి నేర్పు ఒక్కటే చాలదు, వెనక డబ్బు నిలబెట్టేవాళ్ళు కావాలి. తరువాత రెండేళ్ళు విలియమ్స్‌కు టెస్ట్ డ్రైవర్. ఈ పని ఎలాంటిదో మా రైల్వేవాళ్ళకు బాగా తెలుసు. స్పేర్ డ్రైవరు యూనిఫాం వేసుకుని లాబీలో కూర్చుంటాడు, బండి ఇంకొకడు తీసుకుని పోతాడు. 2009లో లె మాన్ ఇరవైనాలుగు గంటల పోటీకి తయారై, మొదలయ్యే ముందు గోడ దూకుతూ భుజం జారి ఆగిపోయాడు. 2011లో, 34 ఏళ్ళ వయసులో, వెనక వరసలో ఉండే హెచ్‌ఆర్‌టీ టీముతో మళ్ళీ ఫార్ములా వన్‌కు వచ్చాడు. నడిమధ్య సీటు పోయింది, మన దేశంలో మొదటి గ్రాండ్‌ప్రీ జరిగినప్పుడు తిరిగి ఇచ్చారు. 2014 నుంచి జపాన్‌లో సూపర్ ఫార్ములా. 2019 నవంబరులో ఫుజీ ట్రాక్ మీద, 42 ఏళ్ళవాడు, జర్మనీ జపాన్ కార్లు కలిసి పరుగెత్తిన పోటీలో హోండా కారుతో ఒక రేసు గెలిచాడు. మా మటుకు బానర్ మీద వేయాల్సిన ఫోటో ఆ రోజుది. మన గ్రూపులో దాని గురించి ఒక్కరూ ఎత్తలేదు.

ఇక కరివర్ధన్. మిల్లుల కుటుంబంలో పుట్టి, మారుతి ఎనిమిది వందల ఇంజను పెట్టి, తక్కువ ఖర్చుతో రేసు కార్లు కట్టించినవాడు. నరైన్ మొదట పోటీ చేసింది ఆ ఫార్ములా మారుతి కార్లలోనే. 1995లో విమాన ప్రమాదంలో పోయాడు. పోదనూరు దాటి చెట్టిపాళయంలో ఉన్న కరి స్పీడ్‌వే ఆయన పేరు మీదే. అటువైపు బస్సులో పోయేటప్పుడు మనం పేరు చదువుకుంటాం, అంతే. కొత్త పిల్లవాడు ఎక్కడానికి చవక కారు ఒకటి ఉండాలని ఒకాయన ముందే అనుకున్నాడు. అందుకే తరువాతివాళ్ళకు దారి దొరికింది.

ఇప్పుడు మన సంఘం విద్యానిధి రూలు తీసి చదవండి. ప్లస్ టూ మార్కులు, ఇంజనీరింగు, మెడిసిన్. ఇంకేమీ లేదు. పోయిన ఏడాది ఒక లేత్ పనివాడి కొడుకు గో కార్ట్ శిక్షణకు సాయం కావాలని అర్జీ పెట్టుకున్నాడు. పదిహేనేళ్ళవాడు, జిల్లా పోటీల కాగితాలన్నీ జత చేశాడు. మార్కుల జాబితా లేదని తిరిగి పంపేశారు. కమిటీవారిని తప్పు పట్టడం లేదు, రూలు అలా ఉంది. మరి జి.డి. నాయుడుగారు? బడి చదువు పెద్దగా లేకుండానే 1920లో పొల్లాచ్చి పళని దారిలో సొంత బస్సు నడిపిన మనిషి. ఆయన ఈరోజు అర్జీ పెట్టినా ఈ రూలుతో చెల్లదు. ఫోటోకి మాత్రం ఆయన కావాలి!

ఒకటి ముందే చెబుతాం. రేసింగుకు అయ్యే ఖర్చు మన విద్యానిధి మొత్తం ఊడ్చి ఇచ్చినా చాలదు. అది మాకూ తెలుసు, లెక్కలు రాసి రిటైరైనవాళ్ళం. మేము అడిగేది కారు కొనివ్వమని కాదు. రానుపోను చార్జీలు, హెల్మెట్టు, శిక్షణ ఫీజులో కొంత. నిధిలో నాలుగో వంతు ఆటలకు, చేతిపనులకు తీసిపెట్టాలి. అర్జీ ఫారంలో మార్కుల గడి పక్కన ఇంకొక గడి పెట్టాలి. ఆడపిల్లలకూ ఇదే వర్తించాలి, అది విడిగా రాయాలి, లేకపోతే మనవాళ్ళ సంగతి తెలిసిందే.

రూలు మార్చాలంటే సర్వసభ్య సమావేశంలో మూడింట రెండు వంతుల చేతులు లేవాలి. మాలో పదకొండు మంది సంతకాలు పెట్టి కాగితం కార్యదర్శిగారికి ఇచ్చాం. వచ్చే ఆదివారం పది గంటలకు అది సభ ముందుకు వస్తుంది. భోజనాల వేళకు వద్దామనుకునే అన్నయ్యలూ, అక్కయ్యలూ ఈసారి కొంచెం ముందుగా రండి. ఫోటోల సంగతి మధ్యాహ్నం మాట్లాడుకోవచ్చు.