స్టేజీకి మూడు నెలలు, నిఖానామాకి మూడు నిమిషాలు



"ఇది మీ ఒక్కరి కోసమే డిజైన్ చేసిన షాదీ" అని వెడ్డింగ్ ప్లానర్లు ఒక మాట అమ్ముతున్నారు. మనం కొంటున్నాం. వనస్థలిపురం నుంచి హయత్‌నగర్ దాకా హైవే పక్కన ఏ ఫంక్షన్ హాల్లోకైనా వెళ్లి చూడండి. అదే పూల గోడ, అదే తెల్ల సోఫా, అదే డ్రోన్, దుల్హన్ నడిచొచ్చేటప్పుడు కాళ్ల దగ్గర అదే పొగ. గేటు దగ్గర పేర్లు చదవకపోతే ఎవరి దావత్‌కి వచ్చామో కూడా తెలీదు. వెయ్యి మందికి ఒకే నాప్‌తో కుట్టిన షేర్వానీని పర్సనల్ అంటున్నారు.

నేను స్టైల్‌కి దుష్మన్‌ని కాను. పిల్లలు ముచ్చట పడతారు, పడనివ్వండి. నా ఝగడా వేరే. మన షాదీలో నిజంగా ఆ ఇద్దరికే సంబంధించిన చీజ్ ఒకటుంది. దాన్ని ఏ ప్లానరూ ప్యాకేజీలో పెట్టలేడు. దానికి పైసా ఖర్చు లేదు. ఆ దుల్హా దుల్హన్ల పేర్లు, వాళ్ల మాట, వాళ్ల షరతులు, వాళ్ల దస్తఖత్ అందులోనే ఉంటాయి. అదే నిఖానామా. మన హైదరాబాద్ మాటలో సియాహా. మొత్తం షాదీలో మనం చదవకుండా వదిలేసే కాగితం కూడా అదొక్కటే.

స్టేజీ రంగు మీద మూడు నెలలు బహస్. ఖుబానీ కా మీఠానా, డబల్ కా మీఠానా అని రెండు ఖాందాన్ల మధ్య ఫోన్ల మీద ఫోన్లు. నిఖానామా మాత్రం ఖాజీసాబ్ తెచ్చిన రిజిస్టర్లో, అరుపుల మధ్య, మూడు నిమిషాల్లో నిండిపోతుంది. మహర్ ఎంత అని ఖాజీసాబ్ అడుగుతారు. ఎవరో ఒక మామూ వెనక నుంచి ఒక అంకె చెబుతాడు. వకీల్, ఇద్దరు గవాహులు దుల్హన్ దగ్గరికి ఇజాజత్ కోసం వెళ్తారు. వీడియో అతను "సర్, కొంచెం జరగండి" అంటుంటాడు. ఆ పిల్ల తల ఊపిందో, నగల బరువుకి తలే వంగిందో ఎవరికి ఎరుక?

తర్వాత ఎప్పుడో వీసా పని పడితే నాంపల్లి హజ్ హౌస్‌లో వక్ఫ్ బోర్డుకి వెళ్లి మ్యారేజ్ సర్టిఫికేట్ అడుగుతారు. చాలామంది మియా బీవీ తమ సియాహాని మొదటిసారి చదివేది ఆ రోజే.

మహర్ సంగతే తీసుకోండి. ఉర్దూ మీడియంలో చదువుకున్నవాణ్ని కాబట్టి ఇక్కడ ఒక్క నిమిషం హురూఫ్ గురించి చెప్పాలి. మహర్ రెండు రకాలు. ఒకటి వెంటనే ఇచ్చేది, రెండోది గడువు పెట్టి తర్వాత ఇచ్చేది. ఉర్దూలో రెంటినీ ముఅజ్జల్ అనే అంటారు. మొదటిదాన్ని ఐన్‌తో రాస్తారు, దాని వేరు "ఉజ్లత్", అంటే జల్దీ. రెండోదాన్ని వావ్ మీద హమ్జా పెట్టి రాస్తారు, దాని వేరు "అజల్", అంటే గడువు. కాగితం మీద తేడా ఒక్క హర్ఫ్. మన దక్కనీ నోట్లో ఆ తేడా కూడా ఉండదు. ఖాజీసాబ్ మైకులో చదివితే రెండూ ఒకేలా వినిపిస్తాయి. తెలుగు మీడియంలో చదివిన దుల్హన్‌కి ఆ కాగితం చేతికిచ్చినా, తన మహర్ ఈ రాత్రి వస్తుందా, ఎప్పటికీ రాదా అన్నది తెలీదు.

ఆ "అజల్" అనే మాటకే ఉర్దూలో మౌత్ అని కూడా అర్థం. మన ఇళ్లలో ఆ మహర్ గుర్తొచ్చేది నిజంగా అప్పుడే. మయ్యత్ వాకిట్లో ఉంటుంది. ఏడుస్తున్న బేవా దగ్గరికి పెద్దావిడ ఒకరు వచ్చి "మహర్ మాఫ్ కర్ దో బేటీ" అంటుంది. ఆ ఘడియలో "నహీ" అనగలిగే ఆడది ఎవరు? బతికున్నన్నాళ్లూ ఇవ్వని అప్పుని జనాజా లేచే ముందు మాఫీ చేయించుకోవడాన్ని మనం రివాజ్ అంటున్నాం. ఖురాన్ సూరా నిసాలో మహర్‌ని ఆడవాళ్లకి ఖుషీగా ఇవ్వమని హుకుం ఉంది. అది అడుక్కునేది కాదు, మాఫీ చేయించుకునేది అంతకన్నా కాదు.

ఇటు మహర్‌కి ఈ గతి పట్టించి, అటు జోడే కీ రఖమ్ మాత్రం అన్నిటికన్నా ముందు, నగదుగా, లెక్కపెట్టి తీసుకుంటాం. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం కట్నానికి నిర్వచనం చెబుతూ మహర్ కట్నం కిందికి రాదని విడిగా రాసింది. చట్టానికి తెలిసిన ఈ ఫరక్ మనకి తెలీదా? సర్కారు 2014 అక్టోబర్ 2న షాదీ ముబారక్ పథకం మొదలుపెట్టినప్పుడు 51,000 రూపాయలు ఇచ్చింది, 2018 నాటికి దాన్ని 1,00,116 చేసింది. గరీబు ఆడపిల్ల ఇంటికి సహారాగా వచ్చిన ఆ రఖమ్, చాలా ఇళ్లలో ఒక్క రాత్రి హాలు కిరాయికీ డెకరేషన్‌కీ ఇట్టే కరిగిపోతోంది.

ఇక షరతుల మాట. నిఖా ఇస్లాంలో ఒక అఖ్ద్, అంటే ఇద్దరి మధ్య ముఆహిదా. అన్ని షరతుల్లోకీ ముందుగా నిలబెట్టుకోవాల్సినవి నిఖా షరతులే అనే అర్థంలో సహీ బుఖారీలో హదీస్ ఉంది. ట్యునీషియాలోని కైరవాన్ శహర్‌లో పన్నెండు వందల ఏళ్ల కిందటే, రెండో నిఖా చేసుకోకూడదన్న షరతుతో కాగితాలు రాసుకునే రివాజ్ ఉండేదని అక్కడివాళ్లు ఫఖ్ర్‌గా చెప్పుకుంటారు. అబ్బాసీ ఖలీఫా అబూ జాఫర్ అల్ మన్సూర్ కూడా కైరవాన్ పిల్ల అర్వాని ఆ షరతు మీదే నిఖా చేసుకున్నాడని వాళ్ల రివాయత్. పాకిస్తాన్‌లో 1961 ఆర్డినెన్స్ కింద వచ్చిన నిఖానామా ఫారంలో 18వ ఖానా సూటిగా అడుగుతుంది: తలాక్ హక్కుని భార్యకి అప్పగించావా, ఏ షరతుల మీద? దీన్నే తఫ్వీజ్ అంటారు. హనఫీ ఫిఖహ్‌లో దీనికి చోటుంది, మన దేశంలో కోర్టులూ ఒప్పుకున్నాయి. అక్కడ కూడా ఆ ఖానా మీద ఖాజీలు అడ్డగీత కొట్టేయడం మామూలే. కొట్టేయాలన్నా ముందు ఆ ఖానా ఉండాలి కదా!

మన దగ్గర ముస్లిం పర్సనల్ లా బోర్డు 2005లో ఒక మోడల్ నిఖానామా తెచ్చింది. ఎన్ని మొహల్లాలకి చేరింది? 2017 మేలో ఆ బోర్డే సుప్రీంకోర్టుకి ఒక మాట ఇచ్చింది. ఒకేసారి మూడు తలాక్‌లు చెప్పనన్న షరతు నిఖానామాలో రాయించమని ఖాజీలకి సలహా ఇస్తామని. అదే ఏడాది ఆగస్టు 22న తీర్పొచ్చింది. 2019లో చట్టమొచ్చింది, మొగుణ్ని జైలుకి పంపే చట్టం. ఆ చట్టం మీద మనం జల్సాలు పెట్టాం, నారాలు ఇచ్చాం. నాకూ ఆ చట్టం మీద ఎతిరాజ్ ఉంది. కానీ ఒక సవాల్‌కి జవాబు కావాలి. ఆ ఖానా మన చేతిలో అన్నేళ్లు ఖాళీగా ఉన్నప్పుడు మనం ఏం చేశాం? మనం ఖాళీ వదిలిన చోట సర్కారు వచ్చి రాసుకుంది.

ఇక్కడ నాకు రెండు జవాబులు ఎదురొస్తాయని తెలుసు.

మొదటిది: "తౌబా తౌబా, నిఖా రోజు తలాక్ మాటేంటి? అపశకునం." భాయ్‌సాబ్, కారు కొన్నరోజే ఇన్సూరెన్స్ కడతారు. అపశకునం అని ఎవరూ అనరు. పైగా షరతులంటే తలాక్ ఒక్కటే కాదు. డిగ్రీ మధ్యలో ఉంటే చదువు పూర్తి చేయనివ్వాలి. ఉద్యోగం చేస్తే జీతం ఆమెది. దుల్హా దుబాయ్ వెళ్తే ఎన్ని నెలల్లో బీవీని తీసుకెళ్తాడు? అప్పటిదాకా ఆమె ఎవరింట్లో ఉంటుంది, ఖర్చు ఎవరిది? గల్ఫ్ నౌకరీలున్న మన ఇళ్లలో సగం ఝగడాలు ఈ ఒక్క సవాల్ ముందే అడగకపోవడం వల్లే. ఏ షరతు చెల్లుతుంది, ఏది చెల్లదు అన్న దాని మీద ఫిఖహ్‌లో ఇఖ్తిలాఫ్ ఉంది. అందుకే తెలిసిన ఆలిమ్‌ని ముందే కూర్చోబెట్టుకుని రాయాలి. అర్ధరాత్రి మైకు ముందు కుదిరే పని కాదిది.

రెండోది: "ఆడపిల్ల వాళ్లం, నోరు తెరిస్తే రిష్తా పోతుంది." కాగితం మీద నాలుగు లైన్లు చూసి పారిపోయే రిష్తా పోతేనే ఖైర్. ఆ లైన్లు చదివి "సరే, నాదీ ఒక మాట రాయండి" అనే కుర్రాడు దొరికాడనుకోండి, అతనికి బైక్ ఇవ్వనక్కర్లేదు. మగపిల్లల తల్లిదండ్రులకి కూడా ఇదే చెబుతున్నాను. ఈ పని ముందు మీరే మొదలుపెట్టండి. మా వాడి నిఖానామా ముసాయిదా ఇదీ, మీ అమ్మాయికి చూపించి ఏం కలపాలో చెప్పమనండి అని మీరే పంపండి. అసలు ఇజ్జత్ అది. హయత్‌నగర్‌కి ఆ పేరొచ్చింది హయత్ బక్షీ బేగం వల్ల. ఆమె ముహమ్మద్ ఖులీ ఖుతుబ్ షా కూతురు, ఇద్దరు సుల్తాన్ల కాలంలో రాజ్యం మాట విన్న మా సాహెబా. ఒక బేగం పేరు మీద నిలబడ్డ ఇలాఖా పక్కన బతుకుతూ, మన ఇంటి పిల్ల మాట రాయడానికి ఒక ఖానా ఇవ్వలేమా?

స్టైల్ కావాలా? తప్పకుండా. నా దగ్గరా కొన్ని ఖయాల్స్ ఉన్నాయి.

మహర్‌ని రూపాయల్లో కాకుండా బంగారం గ్రాముల్లో రాయండి. మా అమ్మల కాలంలో ఐదు వేలు అని రాసిన మహర్‌తో ఈరోజు ఒక గ్రాము కూడా రాదు. "మహర్-ఎ-ఫాతిమీ" అని రాసేవాళ్లు అదెంతో లెక్క కూడా పక్కనే రాయండి. 131 తులాల పావు వెండి, అంటే సుమారు 1,531 గ్రాములు. లేదా ఆమె పీజీ ఫీజు, ఆమె పేరు మీద ఒక ప్లాటు, అదేదైనా సరే, ఇద్దరూ కలిసి ఖరారు చేసుకోండి. ఐన్ ఉన్న ముఅజ్జల్‌గా, ఆ మజ్లిస్‌లోనే ఆమె చేతికివ్వండి. వీడియో అతను అది తీయనీ.

నిఖా మొహల్లా మస్జిద్‌లో అసర్ తర్వాత పెట్టండి. వెలుతురు బాగుంటుంది, ఫొటోలూ బాగుంటాయి. ఖుత్బా అరబీలో అయ్యాక పది నిమిషాలు తెలుగులో మతలబ్ చెప్పించండి. అందులో చదివే ఆయతులన్నీ తఖ్వా గురించే. మన పక్కింటి రెడ్డి గారు, ఆఫీసు దోస్తులు ఎన్నో నిఖాలకి వచ్చి ఉంటారు, ఒక్కసారైనా వాళ్లకి అర్థమయ్యేలా చెప్పామా? ఆ మాటకొస్తే దుల్హాకి అర్థమైందా?

బట్టలకి ఎంజీ రోడ్ దాకా పరుగులెందుకు? ఇదే విజయవాడ హైవే మీద చౌటుప్పల్ వైపు వెళ్తే పుట్టపాక ఉంది. అక్కడ నేసే తేలియా రుమాల్‌కి 2020లో జీఐ గుర్తింపొచ్చింది. నూనెలో నానబెట్టిన నూలుతో నేసే ఆ రుమాళ్లు ఒకప్పుడు అరబ్ దేశాలకి ఎగుమతయ్యేవి, అక్కడివాళ్లు తలకి కట్టుకునేవాళ్లు. దుల్హా భుజం మీద అది పడితే కిరాయి షేర్వానీ దాని ముందు నిలుస్తుందా? దుల్హన్ తన అమ్మీ ఖడా దుపట్టా కట్టుకుంటే అలాంటిది ఇంకే షాదీలోనూ కనపడదు.

వలీమా సంగతి. ఖైబర్ నుంచి తిరిగొచ్చే దారిలో హజ్రత్ సఫియ్యా వలీమాకి రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం తోలు దస్తర్‌ఖాన్ పరిపించి, ఎవరి దగ్గర ఏముంటే అది తెమ్మన్నారు. ఒకరు ఖజూర్, ఒకరు నెయ్యి తెచ్చారు. అన్నీ కలిపితే హైస్ అయింది, అదే వలీమా. మన ఖాలాలూ ఫుప్ఫూలూ ఒక్కొక్కరు ఒక్కో దేగ్చా తెస్తే, ఒకరిది బగారా ఖానా, ఒకరిది మరగ్, ఇంకొకరిది లుఖ్మీ అయితే, ఏ కేటరర్ దగ్గరుంది ఆ మెనూ? అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ నిఖా సంగతైతే రసూలుల్లాహ్‌కి ఆయన బట్టల మీద పసుపు రంగు జాడ చూసి అడిగాకే తెలిసింది. ఒకే శహర్‌లో ఉండి కూడా పిలవలేదని అలక లేదు, గిలా లేదు. మహర్ ఎంతిచ్చావని అడిగి, బరకత్ కోసం దువా చేసి, ఒక మేకతోనైనా వలీమా చేయమన్నారు. మనమేమో కార్డు అందలేదని పదేళ్లు మాట్లాడుకోం.

చివరిగా ఒక్క పని చెప్పి ఆపుతాను. షాదీ తారీఖ్ ఖరారైన ఇళ్లవాళ్లు హాలుకి అడ్వాన్స్ కట్టే రోజే ఖాజీసాబ్ దగ్గరికి వెళ్లి ఖాళీ ఫారం ఒకటి అడిగి తెచ్చుకోండి. దుల్హా, దుల్హన్ విడివిడిగా చదవాలి. ఉర్దూ రాకపోతే తెలుగులో రాయించుకోవాలి. ఇద్దరూ తమ మాట కలిపి, వారం ముందే ఆలిమ్‌కి చూపించాలి. కార్డు ప్రూఫ్ నాలుగుసార్లు దిద్దే మనం ఈ ప్రూఫ్ ఒక్కసారి చూడలేమా? ఫారం ఇవ్వనన్న ఖాజీని మార్చండి. చదవనన్న దుల్హాని కూడా.

అల్లాహ్ హాఫిజ్.