సాఫ్ట్-స్పోకెనా? నోట్లో నాలుక లేదనా?

మొన్న అప్రైజల్ ఫారాలు నింపుతూ ఓ పాపం చేయబోయి ఆగాను. చెప్పుకుంటే గానీ మనసు కుదుటపడేలా లేదు.

ఓ రిలీజ్ మీటింగులో, ఈ తేదీకి టెస్టింగ్ అవ్వదని నా టీములో ఇద్దరు మొహమ్మీదే చెప్పారు. ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. మాటా అదే, గొంతూ దాదాపు అదే. అబ్బాయి ఫారంలో "ఔట్‌స్పోకెన్" అని రాశాను. అమ్మాయి దగ్గరకొచ్చేసరికి వేళ్ళు వాటంతటవే "షార్ప్-టంగ్డ్" అని కొట్టేశాయి. ఎందుకో రెండింటినీ తెలుగులో అనుకుని చూశాను. మొదటిది ముక్కుసూటి మనిషి. రెండోది నోటి దురుసు మనిషి. ఆ మాట ఆ అమ్మాయి ఎదురుగా అనగలనా? చచ్చినా అనలేను. ఇంగ్లీషులో మాత్రం మధ్యన ఓ గీత పెట్టి ఎంచక్కా రాసేశాను!

ఈ గీత మాటలతోనే నా పేచీ. స్కూల్లో బహువ్రీహి సమాసం చెప్పారు, గుర్తుందా? ముక్కంటి అంటే మూడూ కాదు, కన్నూ కాదు, శివుడు. లౌడ్-మౌత్డ్, టైట్-లిప్డ్ కూడా ఆ బాపతే. పాశ్చాత్య భాషావేత్తలు వీటికి మన బహువ్రీహి పేరే వాడతారు. ముక్కంటి అన్నందువల్ల శివుడికొచ్చిన నష్టం లేదు. అప్రైజల్లో మాత్రం ముద్ర మనిషి మీద పడిపోతుంది. ఆ నోరు ఏం చెప్పింది, అది నిజమా కాదా అన్నది గాలికి పోతుంది.

"సాఫ్ట్-స్పోకెన్" ఇంకా మాయదారిది. డిక్షనరీలో అది మెప్పు, మృదుభాషి అని. నా తొలి ఉద్యోగంలో రెండేళ్ళు వరసగా అదే రాశారు. పొగిడారని మురిసిపోయాను. ప్రమోషన్ రాలేదేమని అడిగితే "నువ్వు క్లయింటు ముందు నోరు విప్పవు" అన్నారు. అంటే నోట్లో నాలుక లేనివాడనేగా! ఆ ముక్క మొదటి ఏడే చెప్పి ఉంటే దిద్దుకునేవాణ్ణి కదా.

తెలుగులో తిట్లు లేవా అంటారేమో. బోలెడు... వదరుబోతు, గయ్యాళి, నోటి తీట. కానీ తెలుగులో తిడితే తిట్టినట్టు తెలుస్తుంది. తప్పు ఇంగ్లీషుది కూడా కాదు లెండి. మాట తేల్చకుండా నసిగేవాణ్ణి వాళ్ళు మీలీ-మౌత్డ్ అంటారు, నోట్లో పిండి ఉన్నట్టు. మనవాళ్ళు నీళ్ళు నములుతారు, వాళ్ళవాళ్ళు పిండి, అంతే తేడా. అప్రైజళ్ళు రాసే మాలాంటివాళ్ళకి అతికినట్టు సరిపోయే మాట అదొక్కటే.

"సర్వర్ బాగోలేదు" అని బగ్ రాస్తే తిప్పి పంపుతాం. ఏం చేస్తే ఏ ఎర్రర్ వచ్చిందో రాయమంటాం. సర్వర్‌కిచ్చిన మర్యాద మనిషికివ్వలేమా? అందుకే ఆ రెండు మాటలూ చెరిపేసి, ఇద్దరికీ ఒకటే వాక్యం రాశాను: తేదీ కుదరదని కారణాలతో సహా ముందే హెచ్చరించారు.

మీ ఫారంలో ఏ నోటి ముద్ర ఉందో ఓసారి తెలుగు చేసి చూసుకోండి. నచ్చకపోతే వెళ్ళి అడగండి. నోరుంది కదా!