భల్లాలుడి తాళ్లు లాగిందెవరు?

సూళ్లూరుపేట దగ్గర 2019లో తెరిచిన వి ఎపిక్ థియేటర్ తెర వెడల్పు దాదాపు వంద అడుగులు. అంతటి తెర మీద ఓ క్రూర ప్రభువు నవ్వాడంటే హాలంతా వాడే. వాడి వెనక నిలబడ్డవాళ్ల మీదికి మన చూపు పోదు. 1951 నాటి ‘పాతాళ భైరవి’లో ఎస్.వి.రంగారావు వేసిన నేపాళ మాంత్రికుడి దగ్గర్నుంచి 2024లో వచ్చిన ‘కల్కి 2898 ఏడీ’లో కమల్ హాసన్ వేసిన సుప్రీం యాస్కిన్ దాకా మనం మోసుకొస్తున్న లెక్క ఒకటే: చెడంతా ఒక్కడిలో ఉంది, వాడు చస్తే పీడ వదిలినట్టే. ఈ లెక్క తప్పు. తప్పని చెప్పే సాక్ష్యం కూడా ఆ కథల్లోనే ఉంది, మనం విలన్‌ని చూస్తూ దాన్ని వదిలేస్తున్నాం.

‘బాహుబలి’నే తీసుకోండి. భల్లాలదేవుడి బంగారు విగ్రహాన్ని కొరడా దెబ్బలు తింటూ, తాళ్లు లాగి నిలబెట్టింది మాహిష్మతి జనమే. అమరేంద్ర బాహుబలిని వెనకనుంచి పొడిచిన కత్తి భల్లాలుడి చేతిలోది కాదు, అందరికంటే నీతిమంతుడైన కట్టప్పది. ఆజ్ఞ ఇచ్చింది కూడా జనం దేవతలా కొలిచే రాజమాత శివగామి. మోసం చేసినవాడు భల్లాలుడే, కాదనను. కానీ సింహాసనం మాట జవదాటని ఓ మంచివాడు లేకపోతే ఆ మోసం మోసంగానే మిగిలిపోయేది, హత్య అయ్యేది కాదు. రెండో భాగం వచ్చేదాకా దాదాపు రెండేళ్లపాటు దేశమంతా కట్టప్ప ఎందుకు చంపాడని అడిగింది. మాట తప్పడం ఎందుకంత కష్టమైందని అడిగినవాళ్లు తక్కువ.

‘కల్కి’ ఇంకో మెట్టు పైకి వెళ్లింది. గంగ ఎండిపోయిన కాశీ మీద తలకిందులైన పిరమిడ్‌లా యాస్కిన్ ఏలే కాంప్లెక్స్ వేలాడుతుంటుంది. నీళ్లూ పచ్చదనమూ అన్నీ పైనే. కిందివాడు పైకి పోవాలంటే పది లక్షల యూనిట్లు కట్టాలి. కథానాయకుడు భైరవ ఆ యూనిట్ల కోసమే మనుషుల్ని పట్టిచ్చే పని చేస్తాడు. భయంతో జనాన్ని అణచిపెట్టడానికి సైన్యం కావాలి, ఖర్చు. ఏదో ఒకనాడు నేనూ పైకి పోతానన్న ఆశ పెడితే జనమే ఒకరికొకరు కాపలా కాస్తారు. యాస్కిన్ అసలు తెలివి ఇదే. ఇంత మంచి పట్టు దొరికాక దర్శకుడు నాగ్ అశ్విన్ దాన్ని వదిలి ఆయుధాల మోత వైపు వెళ్లడం నాకు నచ్చలేదు.

ఇవి పురాణపు అచ్చులో పోసిన కథలు, ఒక రాక్షసుడు, ఒక అవతారం తప్ప ఇంకేం చూపిస్తారని అనొచ్చు. పురాణం అంత సాదాగా లేదు. హిరణ్యకశిపుడి రాజ్యంలో ప్రహ్లాదుడికి చదువు చెప్పే చండామార్కులున్నారు. శుక్రాచార్యుడి కొడుకులు, చదువుకున్నవాళ్లు, ఎవరినీ చంపినవాళ్లు కారు. పిల్లవాడు తండ్రి ముందు హరినామం ఎత్తగానే వాళ్ల కంగారంతా ఒక్కటే: ఇది మేం చెప్పిన పాఠం కాదు ప్రభూ. నరసింహుడు స్తంభం చీల్చుకొని వచ్చినప్పుడు వీళ్ల జోలికి పోలేదు. ఇలాంటి గురువులు ఏ ప్రభుత్వంలోనైనా ఉద్యోగం చేసుకోగలరు.

మరో ఆక్షేపణ బరువైనది. కొరడా కింద ఉన్నవాడిదీ తప్పేనా? కాదు. తాళ్లు లాగినవాడికీ, కత్తి దూసినవాడికీ, యూనిట్ల కోసం పట్టిచ్చినవాడికీ ఒకే శిక్ష వేయమనడం లేదు. అయితే ఎవరు ఏ మేరకు మోశారో తేల్చకుండా అందరినీ బాధితుల జాబితాలో వేసేస్తే, పీడన ఎక్కడ తెగుతుందో ఎప్పటికీ తెలియదు.

ఎక్కడ తెగుతుందో చూపించిన ఊరు ఒకటుంది. నెల్లూరు జిల్లాలోని దూబగుంట. అక్కడ మాంత్రికుడు లేడు. సర్కారు సారాకి వేలం పాట పెట్టేది, కాంట్రాక్టరు పాడుకునేవాడు, ఊళ్లో దుకాణందారు పాకెట్లు అమ్మేవాడు, కూలి డబ్బు అటే పోయేది. ఎవరిని అడిగినా పైవాడిని చూపించేవారు. అక్షరాస్యత ఉద్యమంలో వాచకం చదువుకున్న ఆడవాళ్లు పైవాడి కోసం ఎదురుచూడలేదు. 1992లో వర్ధినేని రోశమ్మ లాంటివాళ్లు కళ్లెదుట ఉన్న సారా దుకాణం దగ్గర మొదలుపెట్టారు. అది ఊరూరా పాకింది, జిల్లాలో వేలం పాటలు మళ్లీ మళ్లీ వాయిదా పడ్డాయి. పాడేవాడు ముందుకు రాకపోతే హైదరాబాద్‌లో ఎంత పెద్ద మంత్రి ఉన్నా వేలం లేదు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధించారు, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది.

రోశమ్మ నాయకురాలే కదా, చివరికి ఒక వీరుడు కావాల్సిందేగా అంటారేమో. నాయకురాలు వేరు, వారసుడు వేరు. అమరేంద్ర కొడుకు మహేంద్ర బాహుబలి గెలిస్తే మాహిష్మతికి కొత్త రాజు దొరికాడు, సింహాసనం అక్కడే ఉంది. దూబగుంటలో ఎవరూ ఏ పీఠమూ ఎక్కలేదు. ఖజానా మాత్రం ఎక్కడికీ పోలేదు. 1997లో ఆదాయం తగ్గిందని మద్యనిషేధాన్ని ఎత్తేశారు. ఎత్తేసిన ప్రభుత్వం, రెండేళ్ల కిందట నిషేధం తెచ్చింది తామేనని చెప్పుకున్న పార్టీదే.