ఆడని పాట ఓడిన పాట కాదు

“బాగుంటే ఆడేది కదండీ!”

మొన్నొక ఆదివారం మా ఇంటికి వచ్చిన మిత్రుడన్న మాట ఇది. ఆయనకు 1966 నాటి అమెరికన్ పాట ఒకటి వినిపించాను. టీనా టర్నర్ పాడిన ‘రివర్ డీప్, మౌంటెన్ హై’. మూడున్నర నిమిషాల పాటు కళ్ళు మూసుకుని విన్నారు. అయిపోయాక “అద్భుతం” అన్నారు. అమెరికా చార్టులో ఈ పాట 88వ స్థానం దాటి పైకి పోలేదని చెప్పగానే ఆ అద్భుతం చల్లారిపోయింది. అయితే ఏదో లోపం ఉండే ఉంటుందని తేల్చి, పై మాట అన్నారు. చెవులు చెప్పిన సాక్ష్యాన్ని ఒక్క అంకె కొట్టిపారేసింది.

ఆయన్ని తప్పు పట్టను. మనమంతా సినిమా నీడలో పెరిగినవాళ్ళం. సినిమా ఆడితే పాటా ఆడినట్టే, డబ్బాలు వెనక్కి పోతే పాటా వాటితోనే పోయినట్టు. ‘ఆడటం’ అన్న క్రియే మన విమర్శకు మొదటి మాటా, చివరి మాటా. అయినా ఈ వాదం తప్పని చెప్పడానికే ఇది రాస్తున్నాను. తప్పు మాత్రమే కాదు, హాని కూడా.

ఆ పాట సంగతే తీసుకుందాం. ఫిల్ స్పెక్టర్, జెఫ్ బ్యారీ, ఎలీ గ్రీన్‌విచ్ కలిసి రాశారు. స్పెక్టర్ తన అలవాటు ప్రకారం వాద్యం మీద వాద్యం పేర్చి ఒక గోడలా కట్టాడు. ఆ గోడను చీల్చుకుని టీనా గొంతు బయటికి వస్తుంది. రికార్డు మీద ఐక్ టర్నర్ పేరు కూడా ఉంటుంది గాని, ఆ రికార్డింగులో అతని పాత్ర లేదు. అమెరికాలో 88వ స్థానం. మరి అదే ఏడాది, అదే రికార్డు, అదే భాష మాట్లాడే బ్రిటన్‌లో? మూడవ స్థానం!

జనం తీర్పంటారా? ఏ జనం తీర్పు? అట్లాంటిక్‌కు ఆవలి ఒడ్డున చెవులున్నాయి, ఈవలి ఒడ్డున లేవు అందామా? లోపం పాటలో ఉంటే అది ఓడెక్కి సముద్రం దాటేలోగా నయమైపోయిందా?

అసలు కారణం పాటలో లేదు, రేడియోలో ఉంది. ఆనాటి అమెరికా రేడియో రంగును బట్టి చీలి ఉంది. తెల్లవారి పాప్ స్టేషన్లు కొన్ని, నల్లవారి రిథమ్ అండ్ బ్లూస్ స్టేషన్లు కొన్ని. ఈ పాట పాప్ స్టేషన్లకు మరీ నల్లగానూ, నల్లవారి స్టేషన్లకు మరీ పాప్‌గానూ వినిపించిందన్నది అప్పటి నుంచీ చెబుతూ వస్తున్న కారణం. రెండు పంక్తుల మధ్య కూర్చున్నవాడి విస్తట్లో ఎవరూ వడ్డించలేదు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా ఫరవాలేదంటారు మనవాళ్ళు. ఇక్కడ వడ్డించేవాడు ఎవరివాడూ కాకపోయాడు. అంతే సంగతులు.

ఈ దెబ్బతో స్పెక్టర్ దాదాపు రెండేళ్ళు రికార్డింగులకు దూరమయ్యాడు. అతని కోసం కన్నీరు పెట్టమని మిమ్మల్ని అడగను. తరవాతి కాలంలో ఒక స్త్రీని హత్య చేసిన నేరం మీద 2009లో శిక్షపడి, 2021లో ఖైదీగానే చనిపోయిన మనిషి. నా బాధ టీనా గురించి. అమెరికా చార్టులో ఆమె మొదటిసారి ఒకటో స్థానం చూసింది 1984లో. పద్ధెనిమిదేళ్ళ తరవాత!

ఒక్క ఉదాహరణతో సిద్ధాంతం చేస్తున్నాననుకోకండి. అదే 1966లో బీచ్ బాయ్స్ ‘గాడ్ ఓన్లీ నోస్’ వచ్చింది. బ్రయన్ విల్సన్, టోనీ ఆషర్ రాసిన పాట. పాడినది బ్రయన్ తమ్ముడు కార్ల్. అరవకుండా, వేడుకోకుండా, చెవి దగ్గర నిలబడి చెప్పినట్టు పాడతాడు. పాల్ మెకార్ట్‌నీ తనకు అత్యంత ఇష్టమైన పాటల్లో దీన్ని చెప్పుకున్నాడు. బ్రిటన్‌లో రికార్డు మొదటి వైపున వేశారు. రెండవ స్థానం దాకా వెళ్ళింది. అమెరికాలో ‘వుడెంట్ ఇట్ బీ నైస్’ అనే పాటకు వెనక వైపున వేశారు. మొదటి వైపు పాట 8వ స్థానానికి చేరింది, వెనక వైపు పాట 39 దగ్గర ఆగింది. పళ్ళెంలో ఏ వైపు పైకి పెట్టాలన్నది కంపెనీ నిర్ణయం. మరి ఆ 39లో జనం తీర్పెంత, కంపెనీ తీర్పెంత? విడదీసి చెప్పగలవారు చెప్పండి.

‘జనానికి మంచి సంగీతం అర్థం కాదు’ అని మూతి విరిచే పండితుల పక్షం కూడా కాదు నాది. అదే బీచ్ బాయ్స్ ఆ ఏడాది చివర ‘గుడ్ వైబ్రేషన్స్’ విడుదల చేశారు. ముక్కలు ముక్కలుగా వేరువేరు స్టూడియోల్లో రికార్డు చేసి అతికిన, అప్పటికి ఎంతో వింతైన పాట. రెండు దేశాల్లోనూ ఒకటో స్థానం. జనానికి వినిపిస్తే వింటారు. ఓడిన పాటల పక్షాన నేను చేస్తున్న వాదం నిజానికి జనం పక్షాన చేస్తున్న వాదమే. వాళ్ళు తిరస్కరించారని అనకండి. వాళ్ళను అడగనే లేదు.

అసలు అడగకపోవడమంటే ఏమిటో తెలియాలంటే బిగ్ స్టార్ కథ వినాలి. మెంఫిస్ నగరపు బృందం. ఒక కిరాణా దుకాణాల గొలుసు పేరు తమకు పెట్టుకుని, 1972లో తొలి ఆల్బమ్‌కు ‘నంబర్ వన్ రికార్డ్’ అని పేరు పెట్టారు. విమర్శకులు మెచ్చుకున్నారు. కాని పంపిణీ బాధ్యత తీసుకున్నవారి చేతకానితనం వల్ల, కొనాలనుకున్నవారికి కూడా దుకాణాల్లో రికార్డు దొరకలేదు. 1974లో ‘సెప్టెంబర్ గర్ల్స్’ ఉన్న రెండో ఆల్బమ్ వచ్చింది. పంపిణీ తగాదాల్లో పడి దానికీ అదే గతి. బృంద స్థాపకుల్లో ఒకడైన క్రిస్ బెల్ మొదటి ఆల్బమ్ తరవాతే కుంగిపోయి బయటికి వెళ్ళాడు. 1978లో, 27 ఏళ్ళకు, కారు ప్రమాదంలో పోయాడు.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. ఆ బృందంలోని ఇంకొక గాయకుడు అలెక్స్ చిల్టన్, పదహారేళ్ళ వయసులో బాక్స్ టాప్స్ కోసం పాడిన ‘ద లెటర్’ 1967లో నాలుగు వారాలు అమెరికాలో ఒకటో స్థానంలో ఉంది. జనం ఆ గొంతును కాదనలేదన్నమాట. తరవాత అతనికి తన పాటను దుకాణం దాకా మోసుకెళ్ళే బండి దొరకలేదు, అంతే. ‘సెప్టెంబర్ గర్ల్స్’ను 1986లో బ్యాంగిల్స్ మళ్ళీ పాడారు. తొలి ఆల్బమ్‌లోని మరో పాటను 1998లో మొదలైన ఒక టీవీ హాస్య ధారావాహికకు శీర్షికా గీతంగా వాడుకున్నారు. కోట్లమంది విన్నారు, క్రిస్ బెల్ వినలేదు.

“అయినా లెక్క లెక్కే కదా” అంటారేమో. ఆ లెక్క సంగతీ చూద్దాం. 1991 దాకా అమెరికాలో బిల్‌బోర్డ్ పట్టికలకు దుకాణాల వాళ్ళు తమ దగ్గర ఏవి బాగా అమ్ముతున్నాయో చెప్పేవారు. ఆ మాట మీదే లెక్క. ఆ ఏడాది మే నుంచి ఆల్బమ్‌ల పట్టికకు బార్ కోడ్ ఆధారంగా నిజంగా అమ్ముడైన ప్రతులను లెక్కించడం మొదలుపెట్టారు. అప్పటిదాకా కిందెక్కడో ఉన్న కంట్రీ, ర్యాప్ సంగీతాలు గబగబా పైకి ఎగబాకాయి. జూన్‌లో ఎన్.డబ్ల్యు.ఎ. అనే ర్యాప్ బృందం ఆల్బమ్ ఒకటో స్థానానికి వచ్చింది. రాత్రికి రాత్రి శ్రోతల రుచి మారిందా? లేదు, త్రాసు మారింది. త్రాసు ఇన్నాళ్ళు వంకరగా ఉందని తేలిన తరవాత కూడా, పాత తూకపు రాళ్ళు పట్టుకుని 1966 నాటి పాటల విలువ కడతామనడం ఏం న్యాయం?

ఆవేశం కాస్త ఎక్కువైందని నాకూ తెలుసు. దానికి కారణం చెప్పి ముగిస్తాను.

మా చిన్నాన్న బడిపంతులు. సాయంకాలాలు హార్మోనియం ముందు కూర్చుని లలితగీతాలకు బాణీలు కట్టేవారు. వాటిలో ఒకటి రేడియోలో ఒక్కసారి వచ్చింది, ఇంట్లో పండగ చేసుకున్నాం. నాకు పదహారేళ్ళప్పుడు, నలుగురూ ఉండగా, తెలివిగా మాట్లాడుతున్నాననుకుని “అంత బాగుంటే సినిమాల్లోకి పోయేవి కదా చిన్నాన్నా” అన్నాను. ఆయన కోప్పడలేదు. నవ్వి, హార్మోనియం మూసి, పైన గుడ్డ కప్పారు. ఆ తరవాత నా ముందు ఎప్పుడూ పాడలేదు.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆ పాటల్ని ఎవరూ టేపు చేయలేదు. ఆడని పాటను ఎవరు దాచుకుంటారు? బిగ్ స్టార్ పాట పన్నెండేళ్ళకైనా ఎవరో పాడగలిగారంటే, అటక మీదో పాత దుకాణంలోనో ఒక రికార్డు మిగిలి ఉంది గనక. మా చిన్నాన్న పాటల్లో ఇప్పుడు మిగిలింది ఒక పల్లవి, అదీ నా జ్ఞాపకంలో, సగం. రెండో పాదం ఎటు తిరుగుతుందో ఎంత ప్రయత్నించినా గుర్తు రావడం లేదు.

‘బాగుంటే ఆడేది’ అన్న మాటలోని హాని ఇదే. పాట ఎందుకు ఆడలేదో ఆ మాట చెప్పదు. ఆడనిదాన్ని పారేయడానికి మాత్రం మనకు అనుమతినిస్తుంది.

కనుక మిత్రులారా, మీకు నచ్చిన ఆడని పాట ఒకటి ఉండే ఉంటుంది. ఎక్కడ విన్నారో, ఎందుకు నచ్చిందో నాలుగు వాక్యాలు రాయండి. దొరికితే ఒక ప్రతి దాచండి. మీ ఇంట్లో ఎవరైనా సాయంకాలం పూట ఏదో కూనిరాగం తీస్తుంటే, అది ఎక్కడిదని అడిగే ముందు ఒకసారి పూర్తిగా వినండి.

అన్నట్టు, ఆ మిత్రుడు వచ్చే ఆదివారం మళ్ళీ వస్తానన్నారు. ఈసారి పాట వినిపిస్తాను గాని, అంకె చెప్పను.