మకాన్ మాలిక్ మనోడే!

"మాలిక్ మనోడే, పాబందీగా నమాజ్ చదువుతాడు, ఫికర్ చెయ్యకండి" అన్నారు తెలిసిన భాయ్. ఈస్ట్ లండన్‌లో ఆ ఇంట్లో దిగిన మొదటి చలికాలమే తెలిసింది ఫికర్ అంటే ఏంటో. తెల్లారేసరికి కిటికీ అద్దాల లోపలివైపు నీళ్లు కారేవి. బీరువా వెనక గోడంతా నల్ల బూజు. చిన్నోడికి రాత్రంతా దగ్గు. మాలిక్‌ని అడిగితే "మీ వంటల ఆవిరి ఆపా, కిటికీలు తెరిచి పెట్టండి" అన్నాడు. డిసెంబర్‌లో!

ఇంగ్లండ్, వేల్స్‌లో ఇల్లు కిరాయికివ్వాలంటే ఈపీసీ అనే సర్టిఫికెట్ ఉండాలి. ఇల్లు వెచ్చగా ఉండటానికి ఎంత ఖర్చవుతుందో లెక్కగట్టి ఏ నుంచి జీ దాకా దర్జా ఇస్తారు. పదేళ్లు చెల్లుతుంది. 2018 ఏప్రిల్ నుంచి కొత్త కిరాయిలకి, 2020 ఏప్రిల్ నుంచి పాతవాటికీ 'ఈ' కంటే కిందున్న ఇల్లు ఇవ్వడం మనా. జుర్మానా 5,000 పౌండ్ల దాకా. ఇందులో మాలిక్‌ల మీద రహమ్ కూడా ఉంది: 3,500 పౌండ్లు దాటి జేబులోంచి తీయక్కర్లేదు, రిజిస్టర్‌లో రాయించుకుంటే ఐదేళ్లు మాఫీ. ఆ మాత్రం కూడా చెయ్యరు.

ఈపీసీ బూజుని కొలవదు, నిజమే. కానీ ఆవిరి నీళ్లయ్యేది చల్లటి గోడ మీదనే కదా! 2020 డిసెంబర్‌లో రోచ్‌డేల్‌లో అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ల బాబు ఇంట్లో బూజు వల్లే చనిపోయాడు. అది సోషల్ హౌసింగ్ ఇల్లు. బూజు గురించి చెప్తే రంగు వేసుకోమన్నారట తండ్రికి. తప్పు వాళ్ల రహన్-సహన్‌దే అనుకున్నారు. మాకు చెప్పిన వంటల ఆవిరి కథే.

మనమూ తక్కువోళ్లం కాదు. మాంసం దుకాణంలో హలాల్ సర్టిఫికెట్ కనబడకపోతే గడప తొక్కం, ఇంటి సర్టిఫికెట్ అడగాలంటే షరమ్. మాలిక్‌లకేమో అడ్వాన్స్ తీసుకునేటప్పుడు కానూన్, బాయిలర్ బాగుచేయమంటే భాయీచారా! పాపం హైదరాబాద్, గుంటూరు నుంచి చదువుకొచ్చే పిల్లల హాల్ ఇంకా అధ్వానం. ఇంట్లో ఒక్కో గది విడిగా కిరాయికిస్తే ఆ గదికి ఈపీసీయే అక్కర్లేదు.

సర్కారీ రిజిస్టర్‌లో పోస్ట్‌కోడ్ కొడితే ఏ ఇంటి దర్జా అయినా ముఫ్త్‌గా కనబడుతుంది. మా ఇల్లు చూశాను: 'ఎఫ్'. జుమా తర్వాత మస్జిద్ బయట పిల్లల అబ్బా ఆయనకి ఫోన్‌లో చూపించారు. "ఇవన్నీ గోరోళ్ల రూల్స్ భాయ్" అన్నాడట.

కిరాయి మాత్రం గోరోళ్ల రేటే. సోమవారం కౌన్సిల్‌కి రాశాను.