గరుడాద్రి మెట్లు, ఒంటి వేడి

ఉప్మాకలోని గరుడాద్రి కొండ మీది వెంకన్నను చూడాలంటే మెట్లెక్కాల్సిందే. ఫాల్గుణంలో కల్యాణోత్సవాలకు వచ్చేవాళ్లలో రోజూ పొలం గట్ల మీద తిరిగేవాళ్లుంటారు, ఏడాది పొడవునా కుర్చీ దిగనివాళ్లూ ఉంటారు. రెండో రకం వాళ్ల గురించే ఈ వారం బెంగ.

కండరం ఖర్చుపెట్టే శక్తిలో పనికొచ్చేది నాలుగో వంతుకు మించదు. మిగతాదంతా వేడే. గబగబా మెట్లెక్కితే ఒంటి లోపలి వేడి 37 డిగ్రీల నుంచి 38 దాటవచ్చు. ఇది జ్వరం కాదు. జ్వరంలో వేడి పెంచమనేది మెదడే, అందుకే చలీ వణుకూ. మెట్లెక్కేటప్పుడు మెదడు వేడిని వదిలించుకోవాలని చూస్తుంది, అందుకే చెమట. వడదెబ్బలోనూ వేడి పెంచమనేది మెదడు కాదు, అందుకే దానికి పారాసిటమాల్ పనిచేయదు.

చెమట పడితే సరిపోదు, ఆరాలి. లీటరు చెమట ఒంటి మీద ఆవిరైతే సుమారు 580 కిలో కేలరీల వేడి పోతుంది. ఉప్మాక ఉన్న నక్కపల్లి వైపు సముద్రం దగ్గర, గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు. ఉక్కపోత రోజున చొక్కా వీపుకు అంటుకుపోతుంది, మోచేతి నుంచి చుక్కలు మెట్ల మీద రాలతాయి. అలా రాలిపోయిన చెమట ఒంటిని చల్లబరచదు, ఒంట్లో నీళ్లు మాత్రం తోడేస్తుంది.

శ్రమ ఒంటి వేడినే కాదు, రోగనిరోధక శక్తినీ కదిలిస్తుంది. వ్యాయామం మొదలెట్టిన కొద్ది నిమిషాల్లోనే రక్తంలో తెల్ల కణాలు పెరుగుతాయి. బాగా శ్రమపడితే, ఆపిన గంటా రెండు గంటలకు వాటిలో ఒక రకమైన లింఫోసైట్లు మామూలు కంటే తగ్గుతాయి. 1987 లాస్ ఏంజెలెస్ మారథాన్ అయిన వారంలో, పరిగెత్తినవాళ్లలో 12.9 శాతం మంది జబ్బు చేసిందన్నారు. పేరిచ్చి పరిగెత్తనివాళ్లలో అలా అన్నది 2.2 శాతమే. అయితే అది వాళ్లు చెప్పిన మాట, పరీక్ష చేసి తేల్చింది కాదు. రక్తంలో తగ్గిన లింఫోసైట్లు నశించలేదని, ఊపిరితిత్తుల్లాంటి చోట్లకు కాపలాకు వెళ్లాయని 2018లో కాంప్‌బెల్, టర్నర్ అనే పరిశోధకులు వాదించారు.

ఆ వాదన ఎలా ఉన్నా, రోజూ ఓ మోస్తరుగా నడిచేవాళ్లకు జలుబూ దగ్గూ తక్కువన్నది చాలా అధ్యయనాల్లో కనిపించింది. ఎండకు అలవాటు పడటానికీ వారం, రెండు వారాలు చాలు. ఆపైన చెమట ముందే పడుతుంది, అందులో ఉప్పూ తగ్గుతుంది.

కాబట్టి మొక్కున్నవాళ్లు ఉత్సవానికి రెండు వారాల ముందే పొద్దున్న నడక మొదలెట్టాలి. ఎండెక్కకముందే కొండ దిగేలా చూసుకోవాలి. జ్వరమున్నవాళ్లను ఇంట్లోవాళ్లే ఆపాలి. మెట్ల దారి మధ్యలో నీళ్లు, నీడ ఏర్పాటు చేసే బాధ్యత ఉత్సవం నడిపేవాళ్లది.