చేతి చమురు వదిలింది

'ఇంత చిన్న పనికి మెకానిక్ ఎందుకు?'
ఏ మగాడి నోటినుంచైనా ఈ మాట వచ్చిందంటే ఆ ఇంట్లోవాళ్లు జాగ్రత్తపడాలి. పోయిన వేసవిలో ఓ ఆదివారం పొద్దున ఆ మాట అన్నది నేనే!

మాది అనంతపురం. ఏడాది మొత్తం వాన లెక్కేస్తే 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. ఇక్కడ మనుషులకే కాదు, కార్లకూ దాహం ఎక్కువే. మా పన్నెండేళ్ల కారు వేడెక్కినప్పుడల్లా బోరునీళ్లు పోసేవాణ్ని. మన బోరునీళ్ల సంగతి తెలిసిందేగా! కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర కడతాయి. రేడియేటర్‌లోని సన్నటి దారుల్లోనూ అదే జరుగుతుందని నాకు ఆలస్యంగా తట్టింది.

మర్నాడు నాయనను కంటి ఆపరేషన్‌కు బెంగళూరు తీసుకెళ్లాలి. రెండొందల పైచిలుకు కిలోమీటర్లు. దారిలో బండి మొరాయించకూడదని, రేడియేటర్ కడిగి కొత్త కూలెంట్ పోద్దామని కూర్చున్నా. క్లిప్పు వదులు చేశాను. రబ్బరు గొట్టం కదల్లేదు. లాగాను. ఊహూఁ. కాలు అడ్డం పెట్టి మరీ లాగాను.

'టప్'మంది. గొట్టం చేతిలోకొచ్చింది... రేడియేటర్ మూతితో సహా!

''నాన్నా, అది కూడా ఊడేదేనా?'' అడిగింది మా అమ్మాయి.

2019 నుంచి పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కార్లకు కార్లే తయారవుతున్నాయి. ఆ పక్కనే ఉన్న నాకు ఒక గొట్టం ఊడదీయడం చేతకాలేదు.

నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలో నాకొచ్చిన ఆలోచన బంక. అతికించేస్తే ఎవరికీ తెలియదు కదా అని అరలన్నీ వెతకడం మొదలుపెట్టాను. అరుగుమీద కూర్చున్న నాయన అంతా వింటూనే ఉన్నాడు.

''అబ్బయ్యా, పగిలిన కడవకు లక్క పూసి నీళ్లు మోసుకోవచ్చు. మనుషుల్ని మోసే బండికి పూయకూడదు'' అన్నాడు.

బంక డబ్బా అక్కడే పెట్టి మెకానిక్‌కు ఫోన్ చేశాను. వచ్చి, చూసి, ''గుంజినారా సార్?'' అన్నాడు. తలూపాను. అప్పుడు చెప్పాడు అసలు సంగతి. ఇప్పటి రేడియేటర్లలో చాలావాటికి మధ్యభాగం అల్యూమినియం, అటూ ఇటూ ప్లాస్టిక్. ఏళ్ల తరబడి వేడికి ఆ ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది. రబ్బరు దానికి అతుక్కుపోతుంది. అలాంటప్పుడు లాగకూడదు. ముందు మెల్లగా తిప్పి పట్టు వదిలించాలి. వదలకపోతే, కింది ప్లాస్టిక్‌కు గాటు పడకుండా గొట్టాన్నే బ్లేడుతో నిలువునా కోసెయ్యాలి. గొట్టం పోతే వందల్లో, రేడియేటర్ పోతే వేలల్లో. నాలుగొందల గొట్టం కాపాడబోయి నేను ఏడువేలు వదిలించుకున్నాను.

ఇంకో మూడు మాటలూ చెప్పాడు. బండి చల్లారకుండా మూత తియ్యొద్దు. లోపల ఒత్తిడివల్ల నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగవు, మూత తీస్తే ఒక్కసారిగా మొహంమీదికి ఎగజిమ్ముతాయి. బోరునీళ్లు వద్దు, కూలెంట్‌లో డిస్టిల్డ్ వాటరే కలపాలి. పాత కూలెంట్ నేలమీద వదిలెయ్యొద్దు. అది తియ్యగా ఉండే విషం. ఎండకు నాలుక చాపుకుని తిరిగే వీధికుక్కలు తాగితే చస్తాయి.

ఆదివారం కదా, రేడియేటర్ దొరకలేదు. నాయనను రైల్లోనే తీసుకెళ్లాను. జనరల్ పెట్టెలో కిటికీ పక్కన కూర్చోబెట్టాను. దారంతా ఒక్కమాట అన్లేదు. అదే ఎక్కువ బాధేసింది.

ఆపరేషన్ బాగా జరిగింది. వారం తర్వాత బానెట్ ఎత్తి తొంగి చూస్తున్నా. అరుగుమీంచి వినబడింది నాయన గొంతు.

''అబ్బయ్యా, కన్ను బాగా కనపడతాంది. నీ చేతిలో పానా కూడా కనపడతాంది. పక్కన పెట్టు!''